ఆ కంప్యూటర్‌ను అప్పుడే ఫార్మాట్ కొట్టించకండి

విజయనగరం జిల్లా రాజాం దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. బస్టాండు ఎదురుగా తొమ్మిదేళ్లుగా జిరాక్స్, డీటీపీ కొట్టు నడుపుతున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, ఉద్యోగ దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు, పాసుపుస్తకాల కాపీలు, అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. భర్తది జూట్ మిల్లులో పని. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్లన్నీ వేసింది ఆడపడుచు భర్త. ఈమె ఆయన్ని ‘అన్నయ్యగారూ’ అని పిలుస్తారు. విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ క్రాకులే, అంటే లైసెన్సు లేని దొంగ కాపీలే. తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్ ఒక్కటి మాత్రం డబ్బు పెట్టి కొన్నది.

పోయిన నెల ఆయన కొత్త ఫొటోషాప్ వేస్తూ యాంటీవైరస్ ఆపేశారు. ఆ రాత్రికే ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు కొత్త అక్షరాలు చేరాయి, ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ‘రీడ్‌మీ’ అని ఒక చీటీ: 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో కడితే 490. చేతిలో ఉన్న మూడు పెళ్లిళ్ల శుభలేఖలు, తొమ్మిదేళ్ల డిజైన్లు అందులోనే ఉండిపోయాయి. ‘ఏటీ అవదమ్మా, ఫార్మాట్ కొట్టి మళ్లీ అన్నీ ఏసిస్తాను, పదిహేనొందలు ఇయ్యి చాలు’ అంటున్నారు అన్నయ్యగారు. ‘ఒరిజినల్ కొను, లేదంటే కొట్టు మూసెయ్’ అంటున్నారు భర్త. అల్లుడి మాట కాదంటే కూతురు పుట్టింటికి రావడం మానేస్తుందేమోనని అత్తగారి బెంగ.

ఈమె అడుగుతున్నవి: ఫైళ్లు తిరిగి వస్తాయా? ఉచిత సాఫ్ట్‌వేర్లతో డీటీపీ కొట్టు నిజంగా నడుస్తుందా? అను స్క్రిప్ట్‌లోని ‘ఆపిల్’ కీబోర్డుకు (తెలుగు మీటల అమరిక) అలవాటుపడిన చేతులు ఇంకో దానికి వంగుతాయా? అన్నయ్యగారికి ఎలా చెప్పాలి? కంప్యూటర్ నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్. ప్రింటర్ కానన్ ఎల్‌బీపీ 2900.

*

అమ్మా, మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి. ముందు చేతిలో ఉన్నది చూద్దాం. ఫార్మాట్ మాట ఎవరు ఎత్తినా ప్రస్తుతానికి ఆపండి. ఇంటర్నెట్ వైరు పీకేయండి. ఆ హార్డ్‌డిస్క్‌ను బయటికి తీయించి, కవర్లో పెట్టి, తేదీ రాసి బీరువాలో దాచండి. కంప్యూటర్‌కు కొత్తగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) ఒకటి పెట్టించి, పని దాని మీద మొదలుపెట్టండి. పాత డిస్క్ చెరపకపోతే ఇవాళ తెరుచుకోని ఫైలు రేపు తెరుచుకునే అవకాశం ఉంటుంది. ఫార్మాట్ చేస్తే అదీ పోతుంది.

మీరు చెప్పిన గుర్తులన్నీ ‘స్టాప్’ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కుటుంబానివి. అది ఎక్కువగా వచ్చేది క్రాకుల్లోంచి, యాక్టివేటర్లలోంచే. చీటీ అడుగున ‘పర్సనల్ ఐడీ’ అని ఒక పొడుగాటి వరస ఉంటుంది. దాని చివర ‘టీ1’ అని ఉందేమో చూడండి. ఉంటే, ఇంటర్నెట్ అందక ఆ వైరస్ తనలోనే ఉన్న తాళంచెవితో ఫైళ్లను బిగించిందని అర్థం. ఆ చెవి పరిశోధకులకు దొరికి ఉంటే ఎమ్సిసాఫ్ట్ వాళ్ల ఉచిత డిక్రిప్టర్ వాటిని విప్పుతుంది. ఇంకా దొరకకపోయినా తర్వాత దొరకవచ్చు. ‘టీ1’ లేకపోతే మీ ఒక్క కంప్యూటర్‌కే వేరే చెవి తయారైందన్నమాట. అప్పుడు ఆశ తక్కువ, నిజం చెప్పాలి. ‘నో మోర్ రాన్సమ్’ అనే ఉచిత సైటు ఉంది. 2016లో యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, భద్రతా సంస్థలు కలిసి పెట్టారు. బిగిసిన ఫైలొకటి, ఆ చీటీ అందులో పెడితే ఏ రకమో, విప్పే పనిముట్టు ఉందో లేదో చెబుతుంది. పెట్టే ఫైలు ఏదో పాత డిజైను కావాలి గానీ ఎవరి ఆధార్ కాపీయో కాకూడదు. ఆ డాలర్లు మాత్రం కట్టకండి. కట్టినా చెవి ఇస్తారన్న హామీ లేదు.

మూడు శుభలేఖల సంగతికి వస్తే, ప్రూఫ్ చూడమని పెళ్లివారికి వాట్సాప్‌లో పంపే ఉంటారు. ప్రెస్‌కు మెయిల్ చేసే ఉంటారు. మీ ఫోన్లో, మెయిల్ ‘సెంట్’లో వెతకండి. బొమ్మగా దొరికినా చాలు, చూసి మళ్లీ కూర్చుకోవచ్చు. వాళ్లకు సంగతి మీరే చెప్పండి. ముహూర్తం దగ్గరపడ్డాక తెలిస్తే కోపం రెట్టింపవుతుంది.

ఉత్తరంలో మీరు ఎత్తని ప్రమాదం ఇంకొకటి ఉంది, ఇది ఫైళ్ల కంటే పెద్దది. ఈ రకం రాన్సమ్‌వేర్ తరచుగా పాస్‌వర్డ్ దొంగలను కూడా వెంటబెట్టుకొస్తుంది. బ్రౌజర్‌లో ‘సేవ్’ చేసిన పాస్‌వర్డ్‌లన్నీ బయటికి పోయాయనే అనుకోండి. ఆ కంప్యూటర్ నుంచి కాకుండా మీ ఫోన్ నుంచి ముందు జీమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మీరు లాగిన్ అయ్యే పోర్టళ్ల పాస్‌వర్డ్‌లు ఈ రోజే మార్చండి. ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి. డబ్బు కదిలినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు ఇంట్లో మాట. అన్నయ్యగారి దారి, మీవారి దారి, ఈ రెండే ఉన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు. అవి రెండే కావు.

అన్నయ్యగారి దారిలో ఈ నెల గడుస్తుంది. పదిహేనొందలతో కొట్టు తెరుచుకుంటుంది. కానీ క్రాక్ వేయడానికి యాంటీవైరస్ ఆపాల్సిందే, అంటే వచ్చిన తలుపే మళ్లీ బార్లా తెరుస్తున్నారు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం కాకుండా వాడినవారికి కోర్టు కొంత సడలింపు ఇవ్వవచ్చు, కానీ మీది కొట్టు కాబట్టి అది మీకు వర్తించదు. మీవారి దారి నిక్కచ్చి, అందులో తప్పేమీ లేదు. అయితే ఫొటోషాప్‌కు ఏటేటా చందా కట్టాలి. శుభలేఖల మీద మిగిలేదాంట్లో అది గిట్టుబాటవుతుందో లేదో లెక్క మీరే వేసుకోవాలి. పైగా పేజ్‌మేకర్ ఒరిజినల్ కొందామన్నా కొత్తది లేదు. దాని ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో.

మూడో దారి ఉచిత సాఫ్ట్‌వేర్లు. క్రాక్‌కూ వీటికీ పోలిక లేదు. తయారుచేసినవాళ్లే పంచుకోమని, కొట్లోనూ ఆఫీసులోనూ వాడుకోమని రాసిచ్చినవి ఇవి. ఒక్కచోట జాగ్రత్త కావాలి. ‘ఫ్రీ’ అన్నవన్నీ మీ కొట్టుకు ఫ్రీ కావు. బొమ్మలు చూసే ఇర్ఫాన్‌వ్యూ, ఎక్స్‌ఎన్‌వ్యూ ఇంటి వాడకానికే ఉచితం. దూరం నుంచి కంప్యూటర్ చూసే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ కూడా అంతే. ఫైళ్లు కుదించే విన్‌రార్ అసలు ట్రయలే, దాని బదులు 7-జిప్ వేసుకోండి, రార్ ఫైళ్లనూ విప్పుతుంది. లిబ్రెఆఫీస్ (ఆఫీస్ బదులు), గింప్ (ఫొటోషాప్ బదులు), ఇంక్‌స్కేప్ (డిజైన్లు గీయడానికి), స్క్రైబస్ (పేజ్‌మేకర్ బదులు), న్యాప్స్2 (స్కానింగ్‌కు), సుమత్రా పీడీఎఫ్ (పీడీఎఫ్‌లు చూడటానికి) మాత్రం కొట్లో నిశ్చింతగా వాడుకోవచ్చు. వీటిని గూగుల్‌లో వెతికి పైన వచ్చే ప్రకటన మీద నొక్కకండి. గింప్ పేరుతో దొంగ ప్రకటనలు నిజంగానే వచ్చాయి. చిరునామా చూసి అసలు సైటు నుంచే దించుకోండి. లిబ్రెఆఫీస్‌కు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు అడుగుతారు, వాళ్ల సొంత సైటులో అడగరు.

మీ ఆదాయంలో శుభలేఖల వాటా పెద్దదన్నారు కనుక దాని గురించి వివరంగా రాస్తాను. పేజ్‌మేకర్‌కు యూనికోడ్, అంటే అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే పద్ధతి, తెలియదు. అందుకే ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పేర్చే అను ఫాంట్లు అవసరమయ్యాయి. ఇంక్‌స్కేప్‌కు యూనికోడ్ తెలుసు. ‘శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు’ అని కొడితే ‘స్తు’ కింద ఒత్తు, ‘ఘ్న’లో నవత్తు వాటి చోట అవే కుదురుకుంటాయి. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి పాతిక దాకా ఉచితంగా ఉన్నాయి. పెద్ద శీర్షికకు బండగా ‘రామభద్ర’, లోపలి మాటలకు ‘మండలి’ బాగుంటాయి. మన విజయనగరం గురజాడ పేరుతో ‘గురజాడ’, శ్రీకాకుళం గిడుగు పేరుతో ‘గిడుగు’ కూడా ఉన్నాయి. రెండూ శీర్షికలకు, ఆహ్వానాలకు ఒప్పుతాయి. ఏ కొట్లో చూసినా అవే నాలుగు అను ఫాంట్లు కనిపించే చోట, మీ కార్డు వేరుగా కనపడుతుంది.

కార్డు 5×7 అంగుళాలైతే డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఆ కొలత ఇచ్చి, నేపథ్యం రంగును నాలుగు వైపులా మరో 3 మిల్లీమీటర్లు బయటికి లాగండి. ప్రెస్ వాళ్లు అంచు కోసేటప్పుడు తెల్ల గీత మిగలకుండా ఉండేది దానివల్లే. అయిపోయాక ఫైలు రెండు కాపీలు చేయండి. రెండో కాపీలో అంతా ఎంచుకుని పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కండి. అక్షరాలు గీతలుగా మారిపోతాయి. ప్రెస్‌లో ఆ ఫాంటు లేకపోయినా చెదరవు. మొదటి కాపీ ఎందుకంటే, పాత్‌గా మారాక పెళ్లికొడుకు ఇంటిపేరు తప్పుపడిందని తెలిస్తే దిద్దడానికి అక్షరాలు ఉండవు. ఇంకో లోటు: ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీ, అంటే తెర మీది రంగులది. ఆఫ్‌సెట్ మీద కుంకుమ ఎరుపు కొంచెం మారుతుంది. ప్రెస్ వాళ్లు సీఎంవైకే, అంటే అచ్చు సిరాల రంగులు, కావాలంటే స్క్రైబస్‌లో కూర్చండి. అది 1.6 వెర్షనే కావాలి. పాత 1.4లో తెలుగు ఒత్తులు విడిపోతాయి.

పాత గిరాకీ ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో పేజ్‌మేకర్ ఫైలు తెస్తే లిబ్రెఆఫీస్ డ్రాలో తెరవండి, చాలావరకు తెరుచుకుంటుంది. కోరల్‌డ్రా ఫైళ్లూ అంతే. అను మాటలు ఇంగ్లీషు గజిబిజిలా కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక అంకెలు, అరుదైన సంయుక్తాక్షరాలు ఒకసారి సరిచూసుకోండి, తప్పులు ఎక్కువ దొర్లేది అక్కడే.

చేతుల అలవాటు గురించి భయపడుతున్నారు. న్యాయమే, తొమ్మిదేళ్ల వేగం అది. విండోస్‌లో తెలుగుకు రెండు కీబోర్డులు ముందే ఉన్నాయి: ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చి, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫొనెటిక్ మొదటి రోజే వస్తుంది, వేగం మాత్రం ఒకచోట ఆగిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి, పొల్లు ‘డి’ మీద. ‘శ్రీ’ కావాలంటే షిఫ్ట్‌తో ఎమ్, తర్వాత డి, జె, ఆర్. ‘స్తు’ కావాలంటే ఎమ్, డి, ఎల్, జి. గిరాకీ లేని మధ్యాహ్నం అరగంట దీనికి కేటాయించండి. అర్జంటు పనికి ఫొనెటిక్ వాడండి. పరీక్ష పెట్టుకున్నట్టు ఒకేసారి మారిపోవాలని చూడకండి.

దరఖాస్తుల ఫొటోలకు ఇంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. గింప్ గానీ, బ్రౌజర్‌లో స్క్వూష్ అనే సైటు గానీ చాలు. స్క్వూష్ బొమ్మను ఎక్కడికీ పంపదు, పనంతా మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. బ్యాంకు పరీక్షల ఐబీపీఎస్ కొలతే తీసుకోండి: ఫొటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. అందరూ చేసే తప్పు, ఫోన్లో తీసిన 4 ఎంబీ ఫొటోకు పిక్సెళ్లు తగ్గించకుండా క్వాలిటీ ఒక్కటే తగ్గించుకుంటూ పోవడం. ముఖం మచ్చలు మచ్చలవుతుంది. ముందు కత్తిరించి, పిక్సెళ్లు కుదించి, ఆఖర్న క్వాలిటీ ముట్టుకోండి. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ పెట్టెలో టిక్ పెడితే ఎన్ని కేబీలో అక్కడే కనిపిస్తుంది. సంతకానికి బాధ తిరగబడుతుంది: అంత చిన్న బొమ్మ 10 కేబీ కంటే తక్కువకు పడిపోయి పోర్టల్ ఒప్పుకోదు. అప్పుడు క్వాలిటీని వందకు పెంచండి. పాస్‌పోర్టు సైజుకు 35×45 మిల్లీమీటర్లంటే 300 డీపీఐలో 413×531 పిక్సెళ్లు. 1800×1200 పిక్సెళ్ల కాగితం తెరిస్తే 4×6 అంగుళాల మీద ఎనిమిది ఫొటోలు పడతాయి.

ఆఫీసు పనికి లిబ్రెఆఫీస్. వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, వర్డ్ పద్ధతిలోనే సేవ్ చేసేలా ఆప్షన్స్‌లో ఒకసారి పెట్టుకోవచ్చు. తెలుగుకు ఫాంటు, సైజు విడిగా ‘సీటీఎల్’ అనే గడిలో ఉంటాయి. ఇంగ్లీషు సైజు మార్చినా తెలుగు మారలేదని కంగారుపడితే చూడాల్సింది అక్కడ. మ్యాక్రోలున్న ఎక్సెల్ ఫైళ్లు సరిగా నడవకపోవచ్చు. స్కానింగ్‌కు న్యాప్స్2: కాగితాలకు 200 డీపీఐ, సర్టిఫికెట్లకు 300.

కాగితాల మాట వచ్చింది గనుక ఒకటి గట్టిగా చెప్పాలి. పీడీఎఫ్‌లు కలపడానికి, సైజు తగ్గించడానికి ఆన్‌లైన్ సైట్లు వాడుతున్నానని రాశారు. ఆ ఆధార్లు, పాసుపుస్తకాలు ఎవరో సర్వర్‌కు వెళ్తున్నాయి. రైతు తన కాగితం మీ చేతికి ఇచ్చాడు గానీ, ఆ సైటుకు ఇవ్వలేదు. పీడీఎఫ్24 క్రియేటర్‌ను కంప్యూటర్‌లో వేసుకుంటే కలపడం, విడదీయడం, కుదించడం అన్నీ నెట్ లేకుండానే అవుతాయి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్, పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో, పక్కన పుట్టిన సంవత్సరం. అది కొట్టి సుమత్రాలో తెరిచి నేరుగా ప్రింటు ఇవ్వండి. పని దేనికో అడిగి, సరిపోతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించండి. ఇతరుల లాగిన్లకు క్రోమ్‌లో ‘గెస్ట్’ కిటికీ వాడండి. కొట్టు కట్టేముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను షిఫ్ట్, డిలీట్‌తో ఖాళీ చేయండి.

ఇక విండోస్. ఇక్కడ నా దగ్గర సులువైన జవాబు లేదు. మీ ఐ3కి విండోస్ 11 అధికారికంగా పడదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఒరిజినల్ ఉన్నవారికి పొడిగించిన భద్రతా అప్‌డేట్లు ఇచ్చినా అవీ కొంతకాలమే. కాబట్టి ఒరిజినల్ విండోస్ 10 పెట్టుకున్నా అది మధ్యలో ఆగే మజిలీయే. విండోస్ బదులు వేసుకునే లైనక్స్ మింట్ పూర్తిగా ఉచితం, పాత కంప్యూటర్ మీద తేలిగ్గా నడుస్తుంది. ర్యామ్ 8 జీబీ చేస్తే ఇంకా హాయి. పైన చెప్పిన గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, లిబ్రెఆఫీస్, న్యాప్స్2 అన్నీ దాని మీదా ఉన్నాయి. తెలుగుకు ఆపిల్ పేరుతో కీబోర్డు లేఅవుటు కూడా ఉంది, మీ చేతికి సరిపోతుందేమో కొట్టి చూడండి. అడ్డొచ్చేది మీ ప్రింటరే. ఎల్‌బీపీ 2900కు లైనక్స్‌లో డ్రైవర్ కుదర్చడం తలనొప్పి. కొనేసిన అను స్క్రిప్ట్ విండోస్‌దే, వేలిముద్రల మిషన్ ఉంటే దానికీ విండోస్ అడగవచ్చు. మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే వీలుంది, డిస్క్‌ను ముట్టుకోదు. ఒక ఆదివారం అలా నడిపి, ప్రింటరూ స్కానరూ కదిలితేనే ఆ దారి పట్టండి. కదలకపోతే, ఎనిమిదో తరం లేదా పైది, విండోస్ లైసెన్సుతో ఉన్న వాడిన ఆఫీసు కంప్యూటర్ కోసం చూడండి. మీవారు ఒరిజినల్ కొనమన్న డబ్బు అన్నింటికీ కాకుండా ఈ ఒక్కదానికి పెడితే ఆయన మాటా నిలబడుతుంది.

విండోస్‌లోనే ఉంటే దానితో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఎవరు చెప్పినా ఆపకండి. అందులో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ వేయండి. వేశాక ఇంక్‌స్కేప్, గింప్ ఫైలు సేవ్ చేయలేమని మొరాయించవచ్చు. వాటిని అనుమతించిన యాప్‌ల జాబితాలో చేర్చాలి. రెండు బయటి డిస్క్‌లు పెట్టుకుని ఒక వారం ఒకటి, ఇంకో వారం ఇంకొకటి కాపీ చేసి, వెంటనే వైరు తీసేయండి. తగిలించి ఉంచిన డిస్క్‌ను కూడా రాన్సమ్‌వేర్ బిగిస్తుంది. డిజైన్లు మాత్రం గూగుల్ డ్రైవ్ 15 జీబీలోనూ ఉంచుకోవచ్చు. అక్కడ ఫైలు పాత రూపం 30 రోజులు దొరుకుతుంది.

అన్నయ్యగారి విషయం. ఆయన మిమ్మల్ని ముంచాలని చేయలేదు. అందరి కొట్లలో చేసేదే మీకూ చేశారు. తప్పు ఎవరిదని అత్తగారి ముందు తేల్చడం మొదలైతే అది కంప్యూటర్ గొడవగా ఆగదు. మీవారి చేత చెప్పిస్తే బావమరిది నిలదీశాడని ఆయన అనుకోవచ్చు. మీరే, ఒక్కరే ఉన్నప్పుడు, పని అడిగినట్టుగా చెప్పండి: ‘అన్నయ్యగారూ, ఈసారి క్రాకులు వద్దు, పెళ్లివారి ఫైళ్లు పోతే నేను మాట పడలేను. మీరు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ తెచ్చి బిగించండి, ఆ పదిహేనొందలు దానికే ఇస్తాను.’ ఆయన చేతి పనికి విలువ తగ్గదు, రాకపోకలూ తెగవు. ‘అందరూ అదే వాడతన్నారు కదా’ అంటే వాదించకుండా ఆ ‘రీడ్‌మీ’ చీటీ చూపించండి. ఇంకో మాట కూడా ఆయనకు తప్పకుండా చెప్పాలి: మీకు ఆ ఫొటోషాప్ వేసిన పెన్‌డ్రైవ్‌తోనే ఇంకో కొట్లో కూడా వేసి ఉంటారు, ఆ కొట్టు వాళ్లకు ఈ రాత్రే ఫోన్ చేయమనండి.